తూము తలుపు

వెస్టర్‌ఓగ్ దీవి,
సెప్టెంబరు 4

ఆన్‌ట్యె వదిన గారికి,

కేకె రాస్తున్నాను. మీ చెవులకి ఫోను పనికిరాదు. పనికొచ్చినా మనిద్దరం కాసేపు తిన్నగా మాట్లాడుకున్నది ఎప్పుడని? అందుకే ఉత్తరం.

ఆగస్టు చివర వచ్చిన పోటు గురించి హూసుమ్‌లో పేపర్లో చదివే ఉంటారు. దీవంతా మునిగి ఇళ్లున్న దిబ్బలు మాత్రం పైకి కనబడటం మనకేం కొత్త కాదు. చలికాలంలో అలాంటప్పుడు టీ కాచుకుని, రమ్ము వేసుకుని కిటికీలోంచి చూస్తాం. కానీ ఎండాకాలంలో అంత నీరు ఎవరూ చూడలేదు. ఈసారి నీళ్లు మన దిబ్బ ఎక్కి పక్కింటి కెటెల్ కొట్టం గడప దాటాయి. గొర్రెల్ని వంటింట్లోకి తోలుకున్నారు. కెటెల్ జోకులు వేస్తూనే ఉన్నాడు గానీ గొర్రెల్ని మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకోవడం నేను చూశాను.

తర్వాత తీరరక్షణ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి దీవంతా తిరిగి కొలతలు తీసుకుంది. ఆమె చెప్పిన సంగతి మీకు నచ్చదు. అయినా రాయక తప్పదు. సముద్రం ఏటా పెరుగుతోంది, మన నేల పెరగడం లేదు. పూర్వం చలికాలం వస్తే చాలు, చిన్నా పెద్దా పోట్లన్నీ పచ్చిక మీదికి వచ్చి, నిలిచి, ఒండ్రు వదిలి పోయేవి. ఆ ఒండ్రు పేరుకునే ఈ దీవి సముద్రంతో పాటు ఎదుగుతూ వచ్చింది. మామగారు చుట్టూ రాతికట్ట కట్టి తూము పెట్టించాక చిన్న పోట్లు లోపలికి రావడం ఆగిపోయింది. ఎండుగడ్డి బాగుపడింది, నేల మాత్రం ఆయన వదిలిన చోటే ఉండిపోయింది. ఇలాగే ఉంటే మన పిల్లలు ముసలివాళ్లయ్యేసరికి ఇక్కడ గొర్రె నిలబడటానికి కూడా చోటుండదట.

అందుకని దిబ్బల వాళ్లందరం కూర్చుని ఒక మాటకొచ్చాం. చలికాలమంతా తూము తలుపు ఎత్తే ఉంచుతాం, నీటిని రానిస్తాం. అయితే తూము పక్కనున్న బీడు మీది. నీరు దాని మీదుగానే లోపలికి రావాలి, వేరే దారి లేదు. మీరు ఒప్పుకుంటేనే ఇది జరుగుతుంది.

మీ తమ్ముడు బాగున్నారు. ఆకలి బాగానే వేస్తోంది.

మీ మరదలు,
కేకె

*

హూసుమ్,
సెప్టెంబరు 12

కేకెకి,

నీ ఉత్తరం అందింది. ఇన్నాళ్లకి ఆడబిడ్డ గుర్తొచ్చిందంటే నా మీద ప్రేమ కాదు, నా బీడు మీద ప్రేమ అని నాలుగో పేరాకొచ్చాక అర్థమైంది.

ఆ కట్టలో ఒక్కో రాయినీ మా నాన్న పడవలో తెప్పించి చేత్తో పేర్చాడు. సాయంత్రం అమ్మ ఆయన అరచేతులకి గొర్రె కొవ్వు రాస్తుంటే నేను దీపం పట్టుకునేదాన్ని. దీవిని మునిగిపోకుండా కాపాడినవాడని చర్చిలో ఆయన గురించి చెప్పారు. ఇప్పుడెవరో ఆఫీసు పిల్ల బూట్లు వేసుకుని వచ్చి, ముంచింది ఆయనే అంటే నువ్వు తలూపి టీ పోశావా? కేకు కూడా పెట్టే ఉంటావు. ఒడ్డు నుంచి కోడలిగా వచ్చినదానివి, ఆ రాళ్ల విలువ నీకెలా తెలుస్తుందిలే.

ఒక్క సంగతి చెప్పు. నాన్న తర్వాత ఆ తూముకి కాపరి నా తమ్ముడు నొమ్మెన్. గాలి వాయవ్యానికి తిరిగిందంటే భోజనం మధ్యలో లేచిపోయి తలుపు దించి వచ్చేవాడు. అంత పెద్ద నిర్ణయం జరిగితే నీ ఉత్తరంలో వాడి మాట ఒక్కటీ లేదేం? తమ్ముడు తన చేత్తో రాస్తే ఆలోచిస్తాను. నీ రాత నాకొద్దు.

ఆన్‌ట్యె

*

వెస్టర్‌ఓగ్,
సెప్టెంబరు 25

వదిన గారికి,

ఆయన చేత రాయించమన్నారు. మా పెళ్లికి ముందు నాకు రాసిన రెండు ఉత్తరాలు కూడా మీరే రాసిపెట్టారని ఆయనే నాతో చెప్పారు. కాబట్టి ఆ కోరిక ఎందుకు కోరారో నాకు తెలుసు, మీకూ తెలుసు. అడిగితే, "అక్క ఎలా అంటే అలా," అన్నారు. అదీ ఆయన మాట.

నేను ఒడ్డు నుంచి వచ్చినదాన్నే, కాదనను. కానీ వచ్చి ఇక్కడే ఉన్నాను. దీవిలో పుట్టి, దీవి గాలి పడక ఒడ్డున మేడలో స్థిరపడిన వాళ్లు కూడా ఉన్నారు. ఎవరని పేర్లు చెప్పడం మర్యాద కాదు.

మామగారిని తప్పు పట్టడం లేదు. ఆయన కాలంలో ఆయన చేసింది ఒప్పే. సముద్రం ఇలా మీదికొస్తుందని ఆయనకి కలొచ్చిందా? కానీ ఆయన చేతులు నొప్పెట్టాయని మనం ఈ నేలని ఎండగట్టి చంపుకోలేం కదా. ఈ చలికాలం కూడా తూము మూసి ఉంటే, వసంతానికి గొర్రెల్ని అమ్మేసి పోతామని కెటెల్ చెప్పేశాడు. అతను పోతే వెనకే మిగతావాళ్లు పోతారు. అప్పుడు మీ బీడు ఎండుగడ్డి ఎవరు కోస్తారు, సీగల్ పక్షులా?

కేకె

*

హూసుమ్,
అక్టోబరు 3

కేకెకి,

నీ నోటికి సున్నం కొట్టాలని అమ్మ అంటూ ఉండేది. ఊరికే అనలేదు.

సరే, బీడు తీసుకో. నీళ్లు నింపుకో, ఒండ్రు పోసుకో, కప్పల్ని పెంచుకో. బదులుగా నా తమ్ముణ్ణి పంపు. చలికాలమంతా నా దగ్గరే ఉంటాడు. పెళ్లయిన దగ్గర నుంచి పండక్కి కూడా వాణ్ణి పూర్తిగా నా ఇంట్లో ఉండనివ్వలేదు నువ్వు. పొద్దున పడవకి వచ్చి సాయంత్రం పడవకి పోవడం, మధ్యలో గడియారం చూసుకోవడం. నాకు డెబ్బై ఆరు. ఇంకెన్ని చలికాలాలుంటాయో తెలీదు. ఒకటి నాకివ్వు.

నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు. మొగుణ్ణి వదిలి ఒక్కపూట ఉండలేనిదానివి కదా. అప్పుడు ముసలిది బీడు ఇవ్వలేదని కెటెల్‌తో చెప్పుకోవడానికి నీకు వీలుండదు. దీవి మునిగితే నీ మొండితనం వల్లే మునిగిందని నేనే చెబుతాను.

ఆన్‌ట్యె

*

వెస్టర్‌ఓగ్,
అక్టోబరు 9

వదిన గారికి,

పంపుతున్నాను. శనివారం బోయె పడవలో వస్తారు. రేవులో ఎదురుండండి, ఒక్కర్నే నడవనివ్వకండి.

ఉన్ని మేజోళ్లు సంచిలో అడుగున ఉన్నాయి. టీలో రమ్ము వద్దు. చిన్న రొయ్యలు తెచ్చి ముందు పెడితే ఒలుస్తూ కూర్చుంటారు, మనసు కుదురుగా ఉంటుంది. గాలి వాయవ్యానికి తిరిగినప్పుడు మాత్రం వీధి తలుపుకి గడియ వేసుకోండి. మీ ఇంట్లో చలిగాలి ఎక్కువ కదా.

కేకె

*

హూసుమ్,
అక్టోబరు 20

నువ్వు మనిషివేనా?

పడవ దిగి నా మొహం చూసి, "అమ్మగారూ, ఈ ఊళ్లో నొమ్మెన్ వాళ్ల అక్క ఉండాలి, ఇల్లు చూపిస్తారా?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని నవ్వాను. నవ్వుతూనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. భోజనాల దగ్గర మళ్లీ అడిగాడు. ఆ మాట అడుగుతుంటే వాడి పెదాల్ని చదివి అర్థం చేసుకున్నాను, రెండోసారి. నా చెవులు పోయినందుకు మొదటిసారి ఏడవాలనిపించలేదు, కళ్లు ఉన్నందుకు ఏడుపొచ్చింది.

మంగళవారం గాలి తిరిగింది. నేను నిద్ర లేచేసరికి మంచం ఖాళీ. రేవు దగ్గరున్న పెద్ద తూము గేటుని, కోటు కూడా లేకుండా ఒంటి చొక్కాతో, చేత్తో తిప్పబోతుంటే పోలీసులు పట్టుకుని తెచ్చారు. ఆ కుర్రవాళ్లకి దణ్ణం పెడుతున్నాడు, నా తమ్ముడు, వదలమని. "నీళ్లు వచ్చేస్తున్నాయి బాబూ, మా అక్క బీడు మునిగిపోతుంది," అంటున్నాడట.

ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నాడు? కుళ్లిన చేపని మంచి కాగితంలో చుట్టి అంటగట్టావు నాకు. ఆకలి బాగా వేస్తోందని రాశావే, ఆ చేత్తో ఇంకో ముక్క రాయలేకపోయావా?

ఆన్‌ట్యె

*

వెస్టర్‌ఓగ్,
అక్టోబరు 30

వదిన గారికి,

రెండేళ్ల నుంచి. మొదట పేర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. తూము మాత్రం పోలేదు.

రాస్తే ఏం చేసేవారు? బీడు ఇచ్చేవారు కాదు. మీ తమ్ముణ్ణి నేను సరిగా చూడక ఇలా చేశానని హూసుమ్ అంతా చెప్పేవారు. నన్ను తిట్టడానికి మీకో కొత్త ఉత్తరం దొరికేది, అంతే.

ఇప్పుడు మొత్తం చెబుతాను, వినండి. ఆగస్టు పోటు తర్వాత, మిమ్మల్ని అడగకముందే, ఎలా ఉంటుందో చూద్దామని తూము తలుపు ఎత్తి ఉంచాం. ఆయన వెళ్లి దించేశారు. మళ్లీ ఎత్తాం, మళ్లీ దించారు. నచ్చజెప్పాను. సరేనన్నారు, గాలి తిరగ్గానే లేచి బయల్దేరారు. తలుపు దించాక ఆయన ఊరుకోరు, మీకు తెలుసుగా, మామగారు నేర్పిన పని. సముద్రం వైపు మెట్లు దిగి, నీళ్లలో చెయ్యి పెట్టి, పలక అడుగున గట్టిగా కూర్చుందా లేదా అని తడిమి చూస్తారు. ఆ మెట్ల మీద పాచి. కెటెల్ ఒకసారి కాలరు పట్టుకుని పైకి లాగాడు. అప్పటి నుంచి వెనక గదిలో పెట్టి గొళ్లెం వేశాను. లోపలి నుంచి తలుపు బాది బాది ఆయన వేళ్లు వాచాయి. నా మొగుడి చేతులకి నేను గొర్రె కొవ్వు రాశాను.

అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. అడిగింది మీరే. నేను ఇచ్చాను.

ఆయన ఇక్కడుంటే తూము మూస్తారు, లేకపోతే తూము ఆయన్ని మింగుతుంది. రెండూ కాకుండా ఉండాలంటే మార్చి దాకా మీ దగ్గరే ఉండాలి. నేనిప్పుడు రాత్రి పడుకుంటే పొద్దుటిదాకా లేవడం లేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మీ బీడు మీద ఒండ్రు పట్టింది. చిటికెన వేలు మందం. కెటెల్ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చేత్తో నిమిరాడు.

కేకె

*

హూసుమ్,
నవంబరు 14

కేకెకి,

వారం రోజులు నీకు తిట్లు రాసి చించేశాను. ఇది చించను.

నువ్వు చెప్పినట్టు రొయ్యలు తెచ్చాను. వాడి వేళ్లు ఇంకా ఎంత చురుగ్గా ఉన్నాయో. నేనొకటి ఒలిచేలోపు నాలుగు ఒలిచి నా గిన్నెలోనే వేశాడు, చిన్నప్పటి లాగే. అమ్మ చూడకుండా నా వాటా నింపేవాడు. నేనెవరో తెలీదు వాడికి. ఎవరో తెలియని ముసల్దానికి కూడా గిన్నె నింపుతున్నాడు. చాలాసేపు నవ్వాను.

ఆదివారం మళ్లీ గాలి. తలుపుకి అడ్డం నిలబడ్డాను. నన్ను తోసేశాడు. మోచెయ్యి చిట్లింది, పెద్ద దెబ్బేం కాదు. తర్వాత వంటింటి పక్క గదికి గొళ్లెం పెట్టించాను. వాడు బాదినా నాకు వినబడదు. తలుపు మీద చెయ్యి పెడితే మాత్రం తెలుస్తుంది. చెయ్యి పెట్టకుండా ఉండలేకపోతున్నాను.

నేనూ గొళ్లెం వేశాను. చల్లబడ్డావా?

వాణ్ణి తీసుకెళ్లు కేకె. బీడు నీ దగ్గరే ఉంచుకో, నేనేం అనను. నాకు వాణ్ణి లేపే బలం లేదు, పట్టుకునే బలం లేదు. వృద్ధాశ్రమంలో చేర్పిద్దామంటే ఎక్కడా ఖాళీ లేదన్నారు, వసంతంలో చూద్దామన్నారు.

ఆన్‌ట్యె

*

వెస్టర్‌ఓగ్,
నవంబరు 22

వదిన గారికి,

పంపకండి.

కెటెల్ గొర్రెల్ని అమ్మడం లేదు. ఉత్తరం దిబ్బ వాళ్లు కూడా తమ బీడు వైపు కాలవ తవ్వుకుంటామని వచ్చి అడిగారు, అక్కడికీ నీరు రావాలట. ఆఫీసు ఆవిడ వచ్చి చూసి, ఇలా ఇంకొన్ని చలికాలాలు చేస్తే నేల పుంజుకుంటుంది, ఈలోగా దిబ్బ ఎత్తు పెంచే పని మొదలుపెడతామంది. ఇప్పుడిప్పుడే దారిన పడింది. ఈ సమయంలో ఆయన్ని తెచ్చి నేను పగలంతా తాళం చెవి పట్టుకుని కూర్చోవాలా? నేను కూడా దీవి పనిలో ఉన్నాను. ఉన్న నలుగురిలో ఒకరు తగ్గితే తెలుస్తుంది.

మీరు బేరం పెట్టారు, నేను ఒప్పుకున్నాను. సంతలో కొన్న గొర్రె కుంటిదని తెలిసి వెనక్కి తోలుకొస్తే ఎవరు తీసుకుంటారు? మీకు ఒక చలికాలం కావాలన్నారు. అది ఇంకా అయిపోలేదు.

చేతకాకపోతే ఎవరినైనా సాయానికి పెట్టుకోండి. వాయవ్యం గాలి రోజుల్లో పడవ మాత్రం ఎక్కించకండి. ఇది బతిమాలుకుంటున్నాను.

కేకె

*

హూసుమ్,
డిసెంబరు 2

కేకె,

ఈ ఉత్తరం వాడి కోటు జేబులో పెడుతున్నాను. ఉత్తరం, మనిషి ఒకేసారి చేరతారు. నీ అనుమతి అడగడం లేదు.

నీ మొగుడు, నీ ఇల్లు, నీ గొళ్లెం. నేను వాడికి అక్కని, జైలరుని కాదు. గొర్రె అన్నావు వాణ్ణి. ఆ మాట చదివాక ఇంక ఒక్కరోజు కూడా నీ మాట వినదలచుకోలేదు.

ఆన్‌ట్యె

*

వెస్టర్‌ఓగ్,
డిసెంబరు 6

ఆన్‌ట్యె,

నీ ఉత్తరం తడిసిపోయింది. అక్షరాలు పెద్దవి రాస్తావు కాబట్టి పొయ్యి దగ్గర ఆరబెట్టి చదవగలిగాను.

బోయె తొందరగా వచ్చాడు. గాలి లేస్తోంది, తిరిగి వెళ్లి పడవని కట్టుకోవాలి. ఆయన్ని రేవులో బల్ల మీద కూర్చోబెట్టి, నేను ఇంట్లోంచి చూస్తూనే ఉంటాననుకుని వెళ్లిపోయాడు. నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన హూసుమ్‌లో నీ వంటింట్లో రొయ్యలు ఒలుస్తున్నారనే అనుకున్నాను. రేవు నుంచి తూముకి ఎంత దూరమో నీకు చెప్పక్కర్లేదు.

చీకటి పడబోతోంది. కిటికీలోంచి చూస్తే కట్ట అవతల సముద్రం నిండుగా ఉంది, నీ బీడు మీద మాత్రం చుక్క నీరు లేదు. ఎవరో తూము మూశారు. ఉత్తరం దిబ్బ పిల్లల అల్లరనుకున్నాను. బూట్లు తొడుక్కుని తిట్టుకుంటూ వెళ్లాను.

తలుపు దించి ఉంది. చక్రానికి తాడు కట్టి ఉంది. ఆ ముడి ఆయనది, ఆన్‌ట్యె. మామగారు ఆయనకి నేర్పిన ముడి, దీవిలో ఇంకెవరికీ రాదు. నా చేతులు దాన్ని తడమగానే గుర్తుపట్టాయి. తల మాత్రం, ఆయన ఇక్కడ లేరు కదా, అంది. తలుపు దించినవాడు మెట్లు దిగి తడిమి చూస్తాడని నాకు తెలుసు. పెళ్లయినప్పటి నుంచి చూస్తున్నాను. రెండడుగులు వేసి కట్ట అవతలకి తొంగి చూస్తే అయిపోయేది. అప్పుడు నా బుర్రలో ఉన్నదల్లా, పోటు తీసిపోకముందే నీరు లోపలికి రావాలి, ఈ పోటు ఒండ్రు పోకూడదు, అంతే.

ముడి విప్పాను. చక్రం తిప్పాను.

నీళ్లు విరుచుకుపడ్డాయి. నీళ్లతో పాటు ఆయనా వచ్చారు. మొదట కోటు అనుకున్నాను.

నీ బీడు మీద, కంచె దగ్గర ఆగారు. కెటెల్, నేను మోసుకొచ్చాం. నేను చక్రం తిప్పకముందే పోయి ఉండొచ్చని, పోకపోయి కూడా ఉండొచ్చని డాక్టరు అన్నాడు. మెట్ల దగ్గర పట్టుకుని వేలాడుతూ ఉండొచ్చు కూడా. వేళ్లు అలా ముడుచుకుని ఉన్నాయి. నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను. ఎందుకు చెప్పకూడదు? నేనొక్కదాన్నే ఎందుకు మొయ్యాలి?

నువ్వు తమ్ముణ్ణి తిరిగి పంపావు కాబట్టి మన బేరం చెల్లిపోయింది. బీడు నీది. మూసెయ్యమంటే ఈ రోజే తలుపు దించుతాను, ఊళ్లో వాళ్లకి నేనే చెప్పుకుంటాను. ఏ సంగతో రాయి.

కేకె

*

హూసుమ్,
డిసెంబరు 11

కేకె,

ఆ రోజు రేవులో బోయె పలక మీద రాసి చూపించాడు. గాలి వాయవ్యానికి తిరిగేలా ఉంది, సోమవారం తీసుకెళ్తాను అని. నేను ఆ పలక తుడిచేసి, ఇవాళే అని రాశాను. నీకీ సంగతి అతను చెప్పి ఉండడు. మంచివాడు.

ఏ గాలి రోజున పంపొద్దని నువ్వు బతిమాలావో ఆ రోజునే ఏరుకుని పంపాను. నీకు రెండు రోజులైనా ఏడుపు రావాలని పంపాను. ఇలా జరుగుతుందని కాదు. కాదనే అనుకుంటున్నాను.

నువ్వు తొంగి చూడకుండా చక్రం తిప్పావని రాశావు. నిన్ను క్షమించాలని కూర్చున్నాను, రాలేదు. నన్ను నువ్వు క్షమించకు, నాకు తేలిగ్గా ఉంటుంది.

వాణ్ణి చర్చి దిబ్బ మీద నాన్న పక్కన పెట్టు. నేను రాను. వస్తే నువ్వు నాకు టీ పోయాలి, నేను తాగాలి. అది మనిద్దరి వల్లా కాదు.

తూము మూయొద్దు. ఈ చలికాలమే కాదు, నేను పోయాక కూడా మూయొద్దు. బీడు దీవికి రాసిచ్చేశాను, కాగితాలు కెటెల్ పేర వస్తాయి. నీ పేర రాయడానికి చెయ్యి రాలేదు.

ఆన్‌ట్యె